కదలని బూట్లు

ఉత్తరాన, ఏడాదిలో ఎనిమిది నెలలు మంచు కప్పుకునే ఆ యూనివర్సిటీలో అతన్ని అందరూ జారుడుబల్ల అనేవారు. మంచు మీద జారని బూట్లు కనిపెడతానని వచ్చి, వచ్చిన రోజు నుంచీ జారుతూనే ఉన్నాడు మరి. ఆ పేరు పెట్టినవాళ్ళ నోట్లో పంచదార పోయాలి.

ఎదుటి ల్యాబ్‌లో మంచు మీద పరిశోధన చేసే అమ్మాయిని మొదటిసారి చూసిందీ జారినప్పుడే. సర్రున వెళ్ళి ఆమె చేతిలోని ట్రేని గుద్దేశాడు.

"మూడు నెలలు పెంచిన మంచండీ ఇది," అందామె ముక్కలు ఏరుకుంటూ.

"బయట బోలెడుంది కదండీ. తెచ్చివ్వనా?"

ఆమె చూసిన చూపుకి మనవాడు అక్కడికక్కడే పడిపోయాడు. ఈసారి జారి కాదు. అప్పటినుంచి ఆమె ఎదురైతే చాలు, "ఫైలు మర్చిపోయానండీ" అని పారిపోవడమే. ఏడు నెలల్లో నలభై ఫైళ్ళు మర్చిపోయాడు.

ఇంతలో అతని బూట్లని పరీక్షించడానికి కమిటీ వచ్చింది. ఈసారి జారితే ప్రాజెక్టు మూసేసి ఇంటికి పంపేస్తామని ప్రొఫెసరుగారు ముందే చెప్పారు. ఇంటి దగ్గర అన్నీ ఉంటాయి గానీ ఎదుటి ల్యాబ్ ఉండదు. అదీ అతని బెంగ.

గడ్డకట్టిన ఆవరణలో అందరూ చూస్తుండగా కొత్త బూట్లతో మంచు మీద నిలబడ్డాడు. జారలేదు. ప్రొఫెసరుగారి ముఖం చేటంత అయింది.

"ఇక నడువు నాయనా."

కాలు లేస్తే కదా. బూట్లు రెండూ మంచుకి అతుక్కుపోయాయి.

ఎదుటి ల్యాబ్ అమ్మాయి వేడినీళ్ళ ఫ్లాస్కుతో పరుగెత్తుకొచ్చింది.

"తప్పు నాదండీ. ఇందాక మీ ల్యాబ్‌కొచ్చి, మీరు వేసుకునేముందు బూట్లు హీటరు మీద పెట్టాను. ఆ వేడికి మంచు కరిగి మళ్ళీ గడ్డకట్టింది."

"హీటరు మీద ఎందుకండీ?"

"మీ కాళ్ళకి చలేస్తుందని."

"మంచు గురించి చదివినవారు, ఇలా అవుతుందని తెలీదా?"

"తెలుసు. మీ విషయంలో చదివింది గుర్తుకురాదు."

అలవాటు కొద్దీ అతనికి ఫైలు గుర్తొచ్చింది. పారిపోదామంటే కాళ్ళు కదలవు.

"నాకు ఏ ఫైలూ లేదండీ," అన్నాడు చివరికి. "ఎప్పుడూ లేదు. మీరంటే ఇష్టం, చెప్పడానికి భయం."

కమిటీ పెద్దాయన గొంతు సవరించుకున్నారు. "జారని బూట్లన్నాడు, జారలేదు. ఇంకో ఆరు నెలలు ఇస్తున్నాం. ఈలోగా వాటికి నడక కూడా నేర్పమనండి."

వాళ్ళంతా టీకి వెళ్ళిపోయారు. ఆమె ఫ్లాస్కు మూత తీసి, పోయబోతూ ఆగి, మళ్ళీ మూత పెట్టేసింది.

"పోయరేమండీ?"

"తొందరేముంది? ఏడు నెలలుగా దాచుకున్న మాటలున్నాయి నా దగ్గర. మీరు అన్నీ విన్నాకే పోస్తాను."