నాలా మీద మట్టి

నీళ్లు మొదట నవనీత పాదాలకు తగిలాయి.

గుంట మగ్గం మీద నేసేవాళ్ల కాళ్లు నేలకంటే కింద ఉంటాయి. అలాంటి ఇంట్లో వరద వస్తే ముందు గుంటకే తెలుస్తుంది. కానీ ఇన్నేళ్లలో ఎన్నడూ రాని నీళ్లు ఇవాళే ఎందుకొచ్చాయి?

పెరట్లోకి వెళ్లగానే తెలిసింది. చెరువు పూడ్చి వేసిన 'లేక్ వ్యూ' వెంచర్‌కు దారి కోసం, వాన నీళ్లు పోయే నాలాలో ఒక జేసీబీ మట్టి నింపుతోంది.

"ఓ జేసీబీ! దిగు కిందికి!"

డ్రైవర్ హరీశ్ తొంగిచూశాడు. తడిసిన జడ, మోకాళ్ల దాకా బురద, మండుతున్న కళ్లు. బాగుంది అనుకున్నాడు. అనుకోవాల్సిన సమయం కాదు.

"నాకు పేరుంది మేడం. హరీశ్."

"నాకు ఇల్లుంది. నీ మట్టికి నీళ్లన్నీ దాంట్లకే వస్తానయ్."

"సామాన్లు జర పైన పెట్టుకోన్రి."

"మా నాయినను ఏడ పెట్టాలె? నేను లేస్తే ఆయన దిగిండు గుంటల. పడుగు మధ్యల కోసుడు మా ఇంట్ల లేదు. బట్ట అయ్యేదాక లేవడు."

హరీశ్ నమ్మలేదు. వచ్చి చూశాడు. ఆమె తండ్రి పండరి నడుము లోతు నీళ్లలో కూర్చుని నేస్తున్నాడు.

"నాయినా, లే!"

"ఇంక బారెడే బిడ్డా."

హరీశ్ కాంట్రాక్టర్ రాంప్రసాద్‌కు ఫోన్ చేశాడు.

"సార్, నాలా తెరవకపోతే మనిషి పోతడు."

"రేపు ప్లాట్లు చూడ్డానికి పార్టీలొస్తున్నాయి. మట్టి తీస్తే నువ్వు కూడా పో."

లైన్ కట్ అయింది. తొర్రూరులో పత్తి రెండుసార్లు పోయాక హరీశ్ బండి నేర్చుకుని పట్నం వచ్చాడు. ఇంట్లో పొయ్యి ఈ నౌకరీతోనే వెలుగుతోంది. సీటెక్కి, ఒక్క క్షణం ఆగాడు.

"మీకు పెండ్లయిందా?"

"ఇప్పుడా అడిగేది?"

"నౌకరీ పోయినంక అడగనీకి ధైర్యముండది."

"కాలే! తవ్వు!"

బకెట్ దిగింది. నాలుగైదు పోట్లకు మట్టికట్ట తెగింది. నీళ్లు తమ పాత దారి పట్టాయి.

సాయంత్రానికి గుంటలో బురదే మిగిలింది; ఆ బురదలోనే పండరి మిగిలిన బట్ట నేస్తున్నాడు. రాంప్రసాద్ వచ్చి, తిట్టి, బండి తాళం తీసుకుపోయాడు.

వాన తగ్గలేదు. హరీశ్ బ్యాగుతో గుమ్మం ముందు నిలబడ్డాడు.

"తొర్రూరు బస్సెక్కుత. చెప్పి పోదామని వచ్చిన."

"పోయి?"

"చేన్ల కలుపు తీస్త."

"పోకు" అంది నవనీత.

మగ్గం చప్పుడు ఆగింది. పండరి తల తిప్పి కూతుర్ని చూశాడు. ఆమె నేలను చూసింది. హరీశ్ ఎవరినీ చూడలేకపోయాడు.

"ఇన్నవా పిల్లగా? పోవద్దంటాంది నా బిడ్డ" అన్నాడు పండరి. "చెప్పులిడిచి లోపలికి రా. తలుపు దగ్గరకెయ్యి, జల్లు కొడతాంది."