గీతకు రెండు వేళ్లవతల

ఆ ఆదివారం ఉదయం కూడా గిరిప్రసాద్ ఎప్పటిలాగే ఉప్మా చేసి రెండు కంచాల్లో పెట్టాడు. భార్య చంద్రకాంతమ్మ పోయి ఏడాదయింది. అప్పటి నుంచి చిత్తూరులోని ఆ ఇంట్లో వంట ఆయనదే. పదహారేళ్ల కూతురు ధరణి ఏది పెట్టినా మాట్లాడకుండా తినేది. ఈ రోజు మాత్రం కంచం ముట్టుకోలేదు.

"నా బ్యాటు అటక మీద పెట్టేయ్ నాయనా. ఇంక నేను ఆడను" అంది.

గిరిప్రసాద్ ట్రెజరీ ఆఫీసులో గుమాస్తా. వయసులో ఉండగా సాయంత్రాలు క్లబ్బులో టెన్నిస్ ఆడి జిల్లా పోటీల దాకా వెళ్లాడు. మోకాలు మొరాయించాక అంపైరు కుర్చీ ఎక్కాడు. అక్కడివి మట్టి కోర్టులు. బంతి పడిన చోట గుర్తు మిగులుతుంది. అనుమానం వస్తే ఆయన దిగి వచ్చి, గుర్తు చూసి, లోపలో బయటో చెబుతాడు. పద్దెనిమిదేళ్లుగా ఆ మాటకు ఎదురు లేదు.

నిన్న జిల్లా ఫైనల్లో తిరుపతి అమ్మాయి శ్రీకరితో ధరణి ఆడింది. రావలసిన అంపైరు రాలేదు. గిరిప్రసాద్ సారు కూర్చుంటే మాకు సమ్మతమేనని తిరుపతి వాళ్లే అన్నారు. ఆఖరి పాయింటులో శ్రీకరి కొట్టిన బంతి ధరణి వెనక గీత దగ్గర పడింది. బయట అన్నట్టు ధరణి చెయ్యెత్తింది. ఆయన వచ్చి, గీతను తాకిన గుర్తు చూపించి, లోపల అన్నాడు. ఆ మాటతో రాష్ట్ర పోటీలకు శ్రీకరి ఎంపికయింది. ధరణి బూటుతో నేలను ఒకసారి రాసి, వెళ్లి ఆ అమ్మాయికి చెయ్యి కలిపింది.

ఓటమి కంటే ఆ బూటే ఆయనను బాధించింది. ఆ మాటే ఇప్పుడు అడిగాడు.

"ఓడితే ఓడినావు పాపా. కోర్టును కాలితో తన్నేది యాడ నేర్చినావు?"

"తన్నలేదు నాయనా. తుడిచినాను."

"ఏంది తుడిచింది?"

ధరణి నేల మీద బండల నడుమ గీతను చూపించింది. గీత మీద ఒక ఉప్మా పలుకు పెట్టింది. "నువ్వు సూసింది ఇది. ముందు గేములో పడిన బంతిది." రెండు వేళ్లవతల ఇంకొకటి పెట్టింది. "నిన్న బంతి పడింది ఈడ."

గిరిప్రసాద్ ఆ రెండు పలుకుల నడుమ తన వేళ్లు పెట్టి చూశాడు. నిన్న కూతురి పక్షం వహించాడని ఎవరూ అనకూడదనుకుంటూ అంపైరు కుర్చీ దిగాడు. కనబడిన మొదటి గుర్తుకే వేలు చూపించాడు. రెండోదాని కోసం చూడనే లేదు.

"అప్పుడే ఎందుకు సెప్పలేదు?"

"అంతమంది ముందర మా నాయన తప్పు సూసినాడని నేను సెప్పాల్నా?" అంది ధరణి. "క్లబ్బులో పనిచేసే మునస్వామి వచ్చి కోర్టు ఊడ్చేలోపల ఎవరన్నా ఆ గుర్తు సూస్తారేమోనని తుడిచినాను. నేను ఆడితే ఇట్లాంటిది మళ్లా వస్తాది. అందుకే వద్దంటా ఉండాను."

ఆయన లేచి సంచిలోంచి మ్యాచ్ రిపోర్టు తీశాడు. ఇంకా పంపలేదు. ఆఖరి పాయింటులో తాను వేరే గుర్తు చూసి తీర్పు చెప్పానని, ఇకపై కూతురి ఆటలకు అంపైరుగా కూర్చోనని దాని కింద రాసి సంతకం చేశాడు.

"ఆట అయిపోయినాక ఫలితం మారదు. ఆ అమ్మాయే పోతాది. వచ్చే ఏడు నువ్వు పోతావు" అన్నాడు.

"అందరికీ తెలిసిపోతాది నాయనా."

"తెలియనీ. నేను తప్పు గుర్తు సూసినాను. నువ్వు సరైన గుర్తు తుడిచేసినావు. నాది పొరపాటు పాపా, నీది కాదు." రిపోర్టు మడిచి సంచిలో పెట్టాడు. "మీ అమ్మ ఉన్నన్నాళ్లూ నా తప్పు నాకు సెప్పింది. ఆమె పోయినాక ఈ ఇంట్లో సెప్పే మనిషి లేదు. ఆ పని ఇంక నీదే."

ధరణి కళ్లు తుడుచుకుంది. కంచం దగ్గరికి లాక్కుని ఒక ముద్ద తిన్నది. నెమ్మదిగా నమిలింది.

"ఉప్మాలో ఉప్పు లేదు నాయనా" అంది. "ఏడాదిగా లేదు."

గిరిప్రసాద్ ఉప్పు డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. బ్యాటు గోడవారనే ఉంది. దాన్ని ఎవరూ తీయలేదు.