వెనక సీట్లో విద్యార్థి

తలుపు తీసిన అమ్మాయిని చూడగానే, మెట్లెక్కుతూ అతను కూడబెట్టుకున్న కోపంలో సగం ఎటో పోయింది. మిగిలిన సగంతోనే అడిగాడు.

"కింద బేస్‌మెంట్‌లో తెల్ల కారు మీదేనా అండీ?"

"మాదే."

"పక్కన నీలం కారు నాది. దాని తలుపు మీద ఈ చివర్నుంచి ఆ చివరికి గీత పడింది."

ఆ అమ్మాయి ఒకసారి లోపలికి తొంగి చూసింది. లోపల ఎవరో దగ్గారు. ఆమె గబుక్కున బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"సారీ అండీ. నేనే. రివర్స్ చేస్తుంటే కొంచెం తగిలింది."

"కొంచెమా? స్కేలు పెట్టి గీసినట్టుంది!"

ఆమె నవ్వాపుకుంది. "నాకు పార్కింగ్ సరిగ్గా రాదండీ."

ఇంతలో తలుపు తెరుచుకుంది. దళసరి కళ్ళద్దాల పెద్దాయన బయటికి వచ్చాడు. "ఎవరమ్మా?"

"పక్క కారు ఆయన నాన్నా. నేను గీశాను కదా... అందుకని వచ్చారు."

పెద్దాయన కూతురి మొహంలోకి చూశాడు. తర్వాత తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "అవును బాబూ," అన్నాడు చివరికి. "మా అమ్మాయికి కాస్త కంగారు."

అమ్మాయి గిర్రున తండ్రి వైపు తిరిగింది. 

వీధి చివర కళ్ళజోళ్ళ షాపులో జనం కళ్ళు పరీక్ష చేసి అద్దాల నంబర్లు రాసివ్వడం అతని ఉద్యోగం. పొద్దున లేచింది మొదలు ఎవరో ఒకరి కళ్ళలోకి చూస్తూనే ఉంటాడు. అయినా ఈ కళ్ళను ఇంకాసేపు చూడాలనిపించింది.

"మేం బాగు చేయించి ఇస్తామండీ," అంది ఆమె.

"అదెంత పనిలెండి, నేను చూసుకుంటాను. కానీ ఇవాళ నా కారు, రేపు ఇంకొకళ్ళది. ఆదివారం పొద్దున బేస్‌మెంట్ ఖాళీగా ఉంటుంది. మీకు నేను నేర్పిస్తాను."

"నాకా!"

"మీకేగా రానిది?"

ఆమె తండ్రి వైపు కొరకొరా చూసింది. పెద్దాయన మాత్రం హుషారుగా తలూపాడు. "మంచి మాట చెప్పారు. నేర్చుకో అమ్మా. నేనూ వస్తాను. ఊరికే, తోడుగా."

నిజానికి ఆ అమ్మాయి ఆంబులెన్స్ డ్రైవరు. ఇరుకు సందుల్లో ఎదురుగా లారీ వచ్చినా వెనక్కి నడిపి బండిని బయటపడేయగలదు. ఆ విద్య నేర్పింది కూడా ఈ నాన్నే.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన భార్యను రోజూ ఆమె పనిచేసే లైబ్రరీ దగ్గర దింపి, సాయంత్రం వెళ్ళి తీసుకొస్తాడు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు కానీ ఆ పనినుంచి మాత్రం కాలేదు. పాత చిన్న కారు ఉన్నప్పుడు పక్క సీటు మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి చూసి, ఒక్క ఊపున సందులో దూర్చేవాడు. ఆ కారు పని అయిపోయాక కొడుకు ఈ పెద్ద కారు కొనిచ్చాడు. దీని వెనకద్దం ఎక్కడో పైన ఉంటుంది. ముందున్న తెర మీద రంగురంగుల గీతలు కదులుతాయి. ఏది దగ్గరకొచ్చినా కారు కుయ్యో మొర్రో అంటుంది. ఈ లోపు ఆయన మెడ కూడా మొరాయించింది, వెనక్కి తిరగనంటోంది. దానికి తోడు, కొత్తగా చేరిన ఈ అపార్ట్‌మెంట్‌లో ఎటు చూసినా స్తంభాలే.

"ఇంకొక్కసారి ఎక్కడైనా తగిలించారంటే తాళాలు తీసేసుకుంటాను నాన్నా," అని కొడుకు ఫోనులో గట్టిగానే చెప్పాడు. నీలం కారుకి గీత పడిన సాయంత్రం కింద నుంచి వచ్చిన తండ్రి తాళాలు దిండు కింద దాచుకోవడం అమ్మాయి చూసింది. అందుకే అబద్ధమాడింది.

ఆదివారం వచ్చింది. ఆమె డ్రైవరు సీట్లో, అతను పక్కన, పెద్దాయన వెనక సీట్లో కూర్చున్నారు.

"నిదానంగా వెనక్కి రానివ్వండి. ఇప్పుడు స్టీరింగ్ ఎడమకి."

ఆమె కావాలని కుడికి తిప్పింది. కారు స్తంభం మీదికి వెళ్ళి, వెంట్రుకవాసి దూరంలో ఆగింది.

"అయ్యయ్యో, తగిలిందా?" అంది కళ్ళు పెద్దవి చేసి.

అతను దిగి చూసి వచ్చాడు. "లేదండీ. ఇంత దగ్గరగా ఆపడం నాక్కూడా చేతకాదు."

"మీరు గురువుగారు కదా, మీ దయ."

వెనక నుంచి పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "బాబూ, ఆ తెర మీద పచ్చ గీత, ఎర్ర గీత అంటే ఏమిటి? మా అమ్మాయికి అర్థమైనట్టు లేదు."

అతను చెప్పడం మొదలుపెట్టాడు. చెబుతూ అద్దంలో చూస్తే, పెద్దాయన గడ్డం పైకెత్తి, కళ్ళద్దాల కింది భాగంలోంచి తెర చూడటానికి తంటాలు పడుతున్నాడు. ట్యూబులైటు వెలుగు పడినప్పుడల్లా ఒక కన్ను మూసుకుంటున్నాడు. తన కారు ఎవరు గీశారో అతనికి అర్థమైపోయింది.

ఏమీ తెలియనట్టే ఉండిపోయాడు. కాకపోతే ఆ తర్వాత ప్రతి మాటా కాస్త గట్టిగా, కాస్త వెనక్కి తిరిగి చెప్పాడు. "మెడ తిప్పలేకపోయినా పర్లేదండీ, పక్క అద్దాలు కిందికి వంచుకుంటే నేల మీద గీత కనిపిస్తుంది." "కారు అరిస్తే కంగారు పడక్కర్లేదు, ఆగి చూసుకుంటే చాలు." "ఒకేసారి పెట్టాలని రూలేం లేదు. ముందుకు తీసి మళ్ళీ రావచ్చు."

"విన్నావా అమ్మా?" అనేవాడు పెద్దాయన.

"విన్నాను నాన్నా," అనేది ఆమె, నవ్వు పెదవుల కింద నొక్కిపెట్టి.

అలా కొన్ని ఆదివారాలు గడిచాయి. ఆమె పార్కింగ్ మాత్రం బాగుపడలేదు. అతనికి దానిమీద ఫిర్యాదూ లేదు.

ఒక మధ్యాహ్నం నర్సుల కళ్ళజోళ్ళు ఇవ్వడానికి ఆసుపత్రికి వెళ్ళాడు. గేటులోంచి ఒక ఆంబులెన్స్ దూసుకొచ్చి, రెండు వ్యాన్ల మధ్య సందులోకి ఒక్క ఊపున వెనక్కి వెళ్ళి నిలబడింది. డ్రైవరు కిందికి దూకి వెనక తలుపులు తెరిచింది. రోగిని లోపలికి పంపాక వెనక్కి తిరిగి, అతన్ని చూసి బిగుసుకుపోయింది.

"మీ పార్కింగ్ చాలా ఇంప్రూవ్ అయిందండీ," అన్నాడు అతను.

"ప్లీజ్, నాన్నకి చెప్పకండి. కారు గీసింది..."

"మీరు కాదు. మొదటి ఆదివారమే తెలిసింది."

"తెలిసీ ఇన్ని వారాలు నాతో ఆ స్తంభం చుట్టూ ప్రదక్షిణాలు చేయించారా? మరి క్లాసులు ఎందుకు ఆపలేదు?"

"ఆపేస్తే ఆదివారం నాకేం పని?"

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. అతను అక్కడితో ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేదో! కానీ ఆగలేకపోయాడు.

"ఇంకో మాట. అంకుల్‌కి ఒక కంట్లో శుక్లం ఉన్నట్టుంది. పరీక్ష చేయించేదాకా ఆయన నడపకూడదండీ. పక్కన ఆంటీ కూడా ఉంటారు."

ఆమె మొహంలో నవ్వు ఆరిపోయింది. "తాళాలు తీసుకోవాలని అన్నయ్య అంటున్నాడు. ఇప్పుడు మీరూ అదే అంటున్నారు."

"తీసుకోమనలేదు. కొన్నాళ్ళు పక్కన పెట్టమంటున్నాను."

"ఆ మాట ఆయనతో అనాల్సింది నేను. మీకేం, తేలిగ్గా అనేశారు." ఆమె ఆంబులెన్స్ ఎక్కేసింది.

తర్వాతి ఆదివారం బేస్‌మెంట్‌లో అతనొక్కడే నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. స్తంభం కూడా బెంగపడ్డట్టు కనిపించింది.

మర్నాడు షాపు తలుపు తోసుకుని పెద్దాయన వచ్చాడు. పరీక్ష కుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చూడు బాబూ."

"అమ్మాయి చెప్పారా అంకుల్?"

"చెప్పింది. చెప్పలేక ఏడ్చింది కూడా. పిచ్చిపిల్ల, నన్ను కాపాడుతున్నాననుకుంది. నీ కారు గీసింది నేనేనయ్యా. ఆ రోజు గుమ్మంలో నోరు రాలేదు. అది తన మీద వేసుకుంటుంటే సిగ్గుతో నిలబడిపోయాను."

"పోనివ్వండి అంకుల్."

"పోనివ్వను, చెప్పనీ. మా వాడు నేర్పుతానంటే విసుక్కున్నాను. ముందు సీట్లో కూర్చోబెట్టి నేర్పుంటే నీ మాటా వినేవాణ్ణి కాదు. నువ్వు వెనక సీట్లో కూర్చోనిచ్చి నేర్పావు. ఆ మర్యాద నేను మర్చిపోను."

అతను దీపం వెలిగించి ఆయన కంట్లోకి చూశాడు. అనుకున్నట్టే శుక్లం. ఆయన పెద్దగా బాధపడలేదు. "హమ్మయ్య, నా చేతులు చెడిపోయాయేమో అనుకున్నాను," అన్నాడు.

ఆపరేషన్ రోజు అమ్మాయి ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉంది. అతను కాఫీ తెచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆ రోజు నోరు పారేసుకున్నాను," అంది ఆమె.

"మీ నాన్న గురించి కదా. ఆ మాత్రం కోపం ఉండాలి."

ఆమె కాఫీ తాగుతూ అతని భుజానికి భుజం ఆనించింది. కప్పు ఖాళీ అయినా తియ్యలేదు.

కన్ను కుదుటపడి, కొత్త అద్దాలు వచ్చాయి. తెర చూడటానికి గడ్డం ఎత్తక్కర్లేకుండా అతనే కొలతలు తీసి చేయించాడు. డాక్టరు నడపొచ్చని చెప్పిన వారమే పెద్దాయన భార్యను లైబ్రరీకి తీసుకెళ్ళడానికి సిద్ధమయ్యాడు. అమ్మాయినీ అతన్నీ వెనక ఎక్కించుకున్నాడు.

లైబ్రరీ ముందు ఒక్క ఖాళీ ఉంది. కారు వంకరగా వెళ్ళింది. కుయ్‌మంది. పెద్దాయన కంగారు పడలేదు. ఆగాడు, ముందుకు తీశాడు, పక్క అద్దాల్లో చూసుకుంటూ మళ్ళీ వచ్చాడు. కారు గీతల మధ్య బుద్ధిగా కూర్చుంది.

 భార్య చేతిలోని పుస్తకం మూసింది.

"ఇన్నాళ్ళూ మీరు తిప్పలు పడుతుంటే ఈ పుస్తకంలో తలదూర్చి చూడనట్టు కూర్చునేదాన్ని," అంది. "ఇవాళ చూశాను. బాగా పెట్టారు."

పెద్దాయన స్టీరింగ్ నిమిరాడు. "చీకటి పడ్డాక మాత్రం నడపనులే. సాయంత్రం అమ్మాయి వస్తుంది." ఆ మాట ఎవరూ అడక్కుండానే ఆయనే అన్నాడు.

అంతలో వాన మొదలైంది. ఆయన గొడుగు తీసి, భార్యను నడిపించుకుంటూ లోపలికి వెళ్ళాడు. ఒకే గొడుగు కింద ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు ఒరుసుకుంటూ వెళ్ళడం వెనక సీట్లోంచి చూస్తూ ఉండిపోయారు మిగిలిన ఇద్దరూ.

"మా నాన్నని చిన్నబుచ్చకుండా చూసుకున్నారు," అంది ఆమె మెల్లగా. "థాంక్స్ అంటే చిన్న మాటైపోతుంది."

"పెద్ద మాట ఏదైనా ఉంటే అనండి. వింటాను."

"మీరే అనొచ్చుగా?"

అతను ఒకసారి వాన వైపు చూసి ధైర్యం తెచ్చుకున్నాడు.  "మీ ఇంటికి మా అమ్మానాన్నల్ని తీసుకురావాలనుంది. మీరు సరేనంటే."

"మీరు, మీరు అంటుంటే ఏం సరేనంటాను?"

"నువ్వు సరేనంటే."

"సరే," అంది ఆమె, అతని చెయ్యి పట్టుకుని. అద్దాల మీద వాన ఎంత గోల చేసినా ఆ ఒక్క మాట అతనికి స్పష్టంగా వినపడింది.

ఎప్పుడు తిరిగొచ్చాడో, పెద్దాయన గొడుగుతో అద్దం తట్టాడు. ఇద్దరూ ఉలిక్కిపడి చేతులు విడిపించుకున్నారు. అమ్మాయి అద్దం దించింది.

"అది... నాన్నా... ఈయన వాళ్ళ అమ్మానాన్నలు మనింటికి వస్తామంటున్నారు."

పెద్దాయన కొత్త అద్దాల్లోంచి కూతుర్ని చూశాడు, అతన్ని చూశాడు. వానలోనే నిలబడి హాయిగా నవ్వాడు.

"ఆదివారం రమ్మను బాబూ. కారు ఎక్కడ పెట్టాలా అని దిగులు పడొద్దను. నేను దగ్గరుండి పార్క్ చేయిస్తాను."