మేడ మీదికి ఒక తీగ

"టెక్నీషియన్ ఎక్కడండీ?"

గేటు తీసిన ప్రసన్నకుమార్ వీధికి అటూ ఇటూ చూశాడు. స్కూటీ దిగుతున్న ఒక అమ్మాయి తప్ప ఎవరూ లేరు. భుజాన బరువైన సంచి, చేతిలో నీలం రంగు కేబుల్ చుట్ట. వాన తుంపరకి ముంగురులు నుదుటికి అతుక్కుపోయి ఉన్నాయి.

"గీడ్నే ఉన్నది. నిచ్చెన ఏడుంది?" అందా అమ్మాయి.

దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ షాపుకి ఫోన్ చేసి 'మంచి పనిమంతుణ్ణి పంపండి' అన్నది ప్రసన్నే. వాళ్ళు పంపింది ఈమెనా!

"మీరా?"

"నేనే. అరుణజ్యోతి. వేరేటోళ్ళు గావాల్నంటే సమ్మె అయ్యేదాంక ఆగాలె. ఆగుతరా?"

ఆగే వీల్లేదు. అది 2011 సెప్టెంబరు చివరి వారం. సకల జనుల సమ్మెతో బస్సులు డిపోల్లో నిద్రపోతున్నాయి. ప్రసన్న నాన్న రామమోహనరావు లెక్కల మాస్టారు. ఆయన పాఠం చెప్పే కోచింగ్ సెంటర్‌కి తాళం పడింది. చాలదన్నట్టు బాత్రూంలో జారిపడి కాలు విరిగింది. రెండు వారాలుగా గోడవైపు తిరిగి పడుకున్నాడు. పలకరిస్తే 'ఊఁ', అన్నం పెడితే 'చాలు', అంతే.

చుట్టుపక్కల హాస్టళ్ళలో ఉండిపోయిన ఇరవై ఇద్దరు పిల్లలు వచ్చి, "సార్, నడిచి వస్తాం, మీ ఇంట్లోనే చెప్పండి" అన్నారు. ఎల్బీ నగర్‌లో వాళ్ళ ఇంట్లో అంతమందికి చోటు మేడ మీది హాల్లోనే ఉంది. మధ్య అంతస్తులో కిరాయికి ఉన్నవాళ్ళు. మాస్టారు మెట్లెక్కలేడు. ఆయన కింద మంచంలోంచే కెమెరా ముందు పాఠం చెబితే, మేడ మీద టీవీలో పిల్లలు చూడాలి. సోమవారం పదింటికి క్లాసు. అదీ కుదరకపోతే సొంతూళ్ళకి వెళ్ళిపోతామని పిల్లలు చెప్పేశారు.

"నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్నేనండీ. వైర్‌లెస్‌తో రెండు రోజులు ట్రై చేశాను. పైకి సిగ్నల్ రావట్లేదు" అన్నాడు ప్రసన్న, కాస్త దర్జాగా.

ఆమె తలెత్తి స్లాబు వంక చూసింది. "రెండు స్లాబులున్నయి. మీ సాఫ్ట్‌వేర్ కాంక్రీటుకేం జెప్తది సార్?"

గుమ్మంలో నిలబడ్డ ప్రసన్న తల్లి సూర్యప్రభ కిసుక్కున నవ్వింది. అంతలోనే ఆమె చూపు స్కూటీ నంబరు ప్లేటు మీద పడింది. ఏపీ మీద టీజీ అని స్టిక్కరు. నవ్వు ఆగిపోయింది.

"మీవాళ్ళంతా సమ్మెలో ఉంటే నువ్వు పనికొచ్చావేమ్మా?"

"మా నాయిన ఆర్టీసీ డ్రైవర్ ఆంటీ. బస్సు ఆపిండు. సారు క్లాసు ఎందుకాగాలె? సదువుకునేటోళ్ళు మా పిల్లలే గదా."

సూర్యప్రభ లోపలికెళ్ళి కాఫీ తెచ్చింది.

ఆ పూటంతా ప్రసన్న చేసిన పని నోరు తెరుచుకుని చూడటమే. ఎప్పుడో పాత టీవీ యాంటెనా కోసం గోడలో వేసిన పైపు ఒకటుందని ఇంట్లోవాళ్ళకే తెలీదు. ఆమె గోడని వేళ్ళతో తట్టుకుంటూ వెళ్ళి దాన్ని పట్టేసింది. మేడ మీంచి సన్నని ఇనుప స్ప్రింగు దించి, కింద దానికి కేబుల్ కట్టి, "మెల్లగ గుంజుండ్రి. తీగకు గుడ నొప్పయితది" అంది. ప్రసన్న పైనుంచి లాగుతుంటే నీలం తీగ మెల్లమెల్లగా గోడలోంచి బయటికొచ్చింది. పాతికేళ్ళు ఉన్న ఇల్లు అతనికి కొత్తగా కనిపించింది.

తరవాత కేబుల్ చివర తొక్క ఒలిచింది. లోపల ఎనిమిది సన్న తీగలు.

"తెల్ల నారింజ, నారింజ. తెల్ల పచ్చ, నీలం. తెల్ల నీలం, పచ్చ. తెల్ల గోధుమ, గోధుమ." జపంలా అనుకుంటూ వేళ్ళ మధ్య వరస పేర్చి, సమంగా కత్తిరించి, చిన్న ప్లాస్టిక్ జాక్‌లోకి దూర్చి టూల్‌తో నొక్కింది. ఆ వేళ్ళు ఒక్కసారి తడబడలేదు. టెస్టర్ పెడితే ఒకటి నుంచి ఎనిమిది దాకా పచ్చ దీపాలు వరసగా వెలిగాయి. ప్రసన్నకి చప్పట్లు కొట్టాలనిపించింది. సిగ్గేసి జేబుల్లో చేతులు పెట్టుకున్నాడు.

"కింది రౌటర్‌కెల్లి పైన టీవీ కంప్యూటర్‌కు తీగ. కింద సారు లాప్‌టాప్‌కు వైర్‌లెస్. మంచంల ఎటు తిరిగినా కాళ్ళకు తీగ తట్టొద్దు. రెండు కలిస్తేనే పని."

"మరి నెట్ పోతే?"

"పోనియ్యిండ్రి. మీ ఇంట్లకెల్లి మీ ఇంట్లకే పోవుడికి బయటి నెట్ ఎందుకు? ఇంటి నెట్‌వర్క్ ఇంట్లనే ఉంటది."

నాలుగేళ్ళుగా కంప్యూటర్ ముందు ఉద్యోగం చేస్తున్నా ప్రసన్నకి ఆ సంగతి ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు.

వెళ్ళబోతూ ఆమె మెట్ల మీద ఆగింది. "మా నాయినకు గీ పని ఇష్టం లేదు సార్. ఆడపిల్ల నిచ్చెనలెక్కుడేందంటడు. గీ కాలనీల పేరొస్తే జెర నమ్ముతడు. లేకుంటే దసరా అయినంక మాన్పిస్తా అన్నడు."

"మీ పేరు నిలబడుతుందండీ. గ్యారంటీ నాది" అన్నాడు ప్రసన్న.

శనివారం ట్రయల్ బ్రహ్మాండంగా జరిగింది. ఆదివారం ప్రసన్నకి ఏమీ తోచలేదు. ఉత్తుత్తి సందేహాలతో రెండుసార్లు ఫోన్ చేశాడు. మూడోసారి ఆమె, "సార్, పాడైతే చేయుండ్రి" అని పెట్టేసింది. సాయంత్రానికి ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది. అటక మీద తన పాత రౌటర్ ఉంది. దాన్ని మేడ మీది కర్టెన్ వెనక, తీగ మధ్యలో తగిలిస్తే పిల్లల లాప్‌టాప్‌లకి కూడా వైర్‌లెస్ వస్తుంది. రేపు ఫోన్ చేసి, 'మీ నెట్‌వర్క్‌ని నేను పెంచాను' అనొచ్చు. రాత్రికే తగిలించేశాడు.

సోమవారం మాస్టారు గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేయించుకుని, తెల్ల బోర్డు మంచం పక్కకి పెట్టించుకున్నాడు. రెండు వారాల తరవాత మొదటిసారి, "వాళ్ళొచ్చారా?" అని అడిగాడు. వంటింట్లో సూర్యప్రభ కళ్ళు తుడుచుకుంది.

పది అయింది. మేడ మీద టీవీ నల్లగా ఉండిపోయింది.

పదింబావు. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశారు. ఏమీ లేదు. ఇరవై ఇద్దరు పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కింద మాస్టారు మార్కర్ మూత పెట్టేసి, "వదిలెయ్‌రా. చిన్నపిల్ల, ఏదో తెలిసీ తెలియక చేసింది" అని గోడవైపు తిరిగాడు.

ప్రసన్న ఫోన్ చేశాడు. "అరుణగారూ, నిజంగా పాడైంది."

చౌరస్తాలో రాస్తారోకో. వంటావార్పు. రోడ్డు మధ్య పొయ్యిలు. అయినా అరగంటలో ఆమె గేటు దగ్గర ఉంది, నిలువునా తడిసి. పక్కన ఖాకీ చొక్కా మీద గులాబీ కండువా వేసుకున్న మనిషి. చేతిలో ఆమె సంచి.

"మా నాయిన, దశరథ. రాస్తారోకోల ఉండె. నన్ను చూసి జనాన్ని జరిపి తోలుకొచ్చిండు" అంది. గొంతు చిన్నగా ఉంది. తండ్రి తన పని మొదటిసారి చూస్తున్నాడు. అదీ చెడిపోయిన రోజున.

"మా బిడ్డ చేసిందేమన్న తప్పయిందా సారు?" అన్నాడు దశరథ, మంచం దగ్గర నిలబడి.

మాస్టారు మొహమాటంగా, "ఫర్వాలేదులెండి. పిల్లది కదా" అన్నాడు.

ఆ మాటకి అరుణ మొహం పాలిపోయింది. లాప్‌టాప్ చూసింది. పైకి వెళ్ళి కంప్యూటర్ చూసింది. దిగి వచ్చి సంచిలోంచి కత్తెర తీసింది. "నా తీగ మంచిగనే ఉన్నట్టుంది. అయినా జాక్ కోసి మళ్ళ కొడ్త. ఒకటి మాత్రం సమజైతలేదు. ఇంట్ల మెషిన్లకు డోర్ నంబర్లు ఇచ్చేది కింది రౌటర్ ఒక్కటే. పైన కంప్యూటర్‌కు వేరే వాడెవడో నంబర్ ఇచ్చిండు. ఒక్క గల్లీకి ఇద్దరొచ్చి వేరువేరు నంబర్లు రాస్తే పోస్ట్‌మ్యాన్ ఏడికి పోవాలె?"

ప్రసన్నకి కర్టెన్ వెనక రౌటర్ గుర్తొచ్చింది.

ఊరుకోవచ్చు. మెల్లగా పైకెళ్ళి దాన్ని పీకేసి తీగ మామూలుగా కలిపేస్తే ఎవరికీ తెలీదు. ఆమె జాక్ మార్చేసరికి అన్నీ పనిచేస్తాయి. కానీ తప్పు ఆమె తీగదే అని దశరథ అనుకుంటాడు. దసరా తరవాత ఆ వేళ్ళు మళ్ళీ తీగ పట్టవు.

అతను మెట్లు రెండేసి ఎక్కి, కర్టెన్ వెనక నుంచి రౌటర్ పీకి తెచ్చి అందరి ముందూ మంచం మీద పెట్టాడు.

"ఆ రెండోవాణ్ణి పెట్టింది నేను. నిన్న. ఈమెతో చెప్పకుండా. శనివారం అంతా చక్కగా పనిచేసింది నాన్నా. చెడగొట్టింది నేను. ఈమె పనిలో ఒక్క తప్పు లేదు."

మాస్టారు కొడుకుని ఎగాదిగా చూశాడు. "ఇంజనీరింగ్ చదివించాను వీణ్ణి" అన్నాడు సూర్యప్రభతో.

అరుణ పైకెళ్ళి తీగని నేరుగా కంప్యూటర్‌కి కలిపింది. రెండు నిమిషాలు. మేడ మీంచి ఒక్కసారి కేక, "సార్ కనిపిస్తున్నారు!"

మాస్టారు మార్కర్ మూత తీశాడు. "ఆఁ... ఎక్కడ ఆపాం?" అన్నాడు. రెండు స్లాబులు దాటి ఆ గొంతు మేడ మీద మోగింది. రెండు వారాలుగా మూలబడ్డ గొంతు ఇల్లంతా ఖంగుమంది. దశరథ పైకెళ్ళి పిల్లల వెనక చాప మీద కూర్చున్నాడు. టీవీని చూశాడు. గోడలోంచి వస్తున్న నీలం తీగని చూశాడు. వేలితో దాన్ని మెల్లగా తాకాడు, పసిపిల్ల బుగ్గ తాకినట్టు.

"గిదంత నువ్వే గుంజినవా బిడ్డా?"

అరుణ తలూపింది. గబగబా మెట్ల మీదికి వచ్చేసింది. అక్కడ ప్రసన్న నిలబడి ఉన్నాడు. తడి కళ్ళు దాచుకోవడానికి ఆమెకి కోపం అక్కరకొచ్చింది.

"నేను మళ్ళ రావాల్నని కావాలనే పెట్టినవా నువ్వు?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చినందుకు తిట్టు కూడా తియ్యగా ఉంది.

"ఒట్టు, కావాలని కాదు. మీరు మెచ్చుకుంటారని పెట్టాను. కానీ మీరు రావాలని మాత్రం ఉంది. నిన్నా ఉంది. రేపూ ఉంటుంది. పాడైనా పాడవకపోయినా."

వాన రేకుల మీద టపటపలాడుతోంది. లోపల మాస్టారు ఎవరినో "అర్థమైందా?" అని అడుగుతున్నాడు.

"అర్థమైంది సార్" అన్నారు పిల్లలు.

"నాకు గుడ" అంది అరుణ, చాలా చిన్నగా. అతని వంక చూడకుండా.

క్లాసు అయ్యాక సూర్యప్రభ తండ్రీకూతుళ్ళకి అన్నం పెట్టి గానీ కదలనివ్వలేదు. గేటు దగ్గర దశరథ స్కూటీ స్టార్ట్ చేయబోయి ఆగాడు.

"ఏం బాబూ, మా బిడ్డనే చూస్తున్నవ్ పొద్దుటిసంది?"

ప్రసన్న చటుక్కున చూపు గేటు మీదికి తిప్పాడు. "అబ్బే, అదేం లేదండీ..."

"ఇరవై రెండేండ్ల సంది అద్దంల ఎనుక సీట్లు చూసుకుంటనే బస్సు నడిపిన. ఎవరు ఎవర్ని చూస్తుండ్రో నాకు తెల్వదా?" నవ్వాడు దశరథ. "తప్పు నీదని పదిమందిల చెప్పినవ్. గది నచ్చింది నాకు. బస్సులు నడిచినంక అమ్మను, సారును తోలుకొని అల్మాస్‌గూడల మా ఇంటికి రా. కూసుండి మాట్లాడుకుందం."

ప్రసన్న స్కూటీ పక్కకి వచ్చాడు. "బస్సులు ఎప్పుడు నడుస్తాయండీ?"

"గెలిచినంక" అంది వెనక సీట్లోంచి అరుణ.

"అయితే తొందరగా గెలవండి" అన్నాడు ప్రసన్న.

కిటికీలోంచి అంతా వింటున్న లెక్కల మాస్టారు నవ్వు ఆపుకోలేక గట్టిగా దగ్గాడు.