నాలుగో లైన్‌కు సాయంత్రం

2021 ఏప్రిల్. సూరత్‌లో సోలార్ ఇంజనీర్ లింగమూర్తి చనిపోతే అందరూ కరోనా అనుకున్నారు. ఆ రోజుల్లో ఎవరు పోయినా అదే అనుకునేవారు. మెడ వెనక సూది గుర్తును గమనించింది సీక్రెట్ సర్వీస్ డాక్టరొక్కడే.

రింగ్ రోడ్ మార్కెట్ అంతా మూతపడి ఉంది. షట్టర్ సగం దించిన చీరల దుకాణం ముందు ఏజెంట్ దేవదాస్ ఆగాడు.

"పెళ్లి చీర ఉందా?"

"ఈ ఏడు పెళ్లికూతుళ్లంతా మాస్కులే కొంటున్నారు," అన్నాడు లోపలి మనిషి.

కోడ్ కలిసింది. అతను చీఫ్ వెంకటాచలం.

"లింగమూర్తి ప్లాంటులోకి విదేశీ ముఠా దూరింది. ఏ వేళకు ఏ స్విచ్ కలవాలో, ఏది తెగాలో అక్కడ ముందే షెడ్యూల్ చేస్తారు. సిమ్యులేషన్‌లో, అంటే కంప్యూటర్‌లోని ఉత్తుత్తి ప్లాంటులో, నడిపి చూశాక అసలు ప్లాంటుకు ఎక్కిస్తారు. అందులో ఒక దొంగ సిగ్నల్ చేరింది. అది పసిగట్టాడనే అతన్ని చంపారు. ఇక్కడ పారితే దేశమంతా అదే చేస్తారు. లోపల మన మనిషి మౌక్తిక. వాళ్ల మనిషీ ఆమే. కనిపెట్టుకుని ఉండు."

"ఫోన్?"

"ఆపెయ్. ఇంటికి కూడా చెయ్యొద్దు."

దేవదాస్ ఒక్క క్షణం ఫోన్ వంక చూశాడు. అమ్మ బుచ్చవ్వ ఆక్సిజన్ మీద ఉంది. కొడుకు కరెంటాఫీసులో మీటర్లు చూస్తాడనే ఆమె నమ్మకం. సూరత్ నవాగామ్‌లోని అద్దె గదిలోంచి అతను బయల్దేరినప్పుడల్లా గడపలో నిలబడి ఒకటే మాట: "జర కరెంటు ముట్టకు బిడ్డా."

ఫోన్ ఆపేశాడు.

పాండేసర, సూరత్ మిల్లుల పేట. ప్యానెళ్లు కడిగే కూలీ వేషం, చేతిలో బకెట్, మాస్కులో మైక్రోఫోన్. కంట్రోల్ రూమ్‌లో ముందుగా ఖరీదైన సెంటు వాసన తగిలింది, తర్వాత మౌక్తిక కనిపించింది. మాస్కు పైన మిగిలిన అందమంతా ఆ కళ్లే. అవీ నిద్రలేక ఎర్రబడ్డాయి.

"చీఫ్ పంపింది మిమ్మల్నేగా, చూడండి," అంటూ ఆమె సిమ్యులేషన్ నడిపింది. తెర మీద సూర్యుడు గబగబా దిగిపోయాడు. బ్యాటరీలు అందుకున్నాయి. మరుక్షణం నాలుగో లైన్ ఒక్కటే నల్లబడింది.

"ఇది దేనికి పోతది?"

"మూతపడ్డ అద్దకం మిల్లుకి. ఖాళీ షెడ్డు, ఎవరికీ ఏమీ కాదని ముఠావాళ్లన్నారు. ఇందులో పేర్లుండవండీ, నంబర్లే."

దేవదాస్ బకెట్ కింద పెట్టేశాడు. "పాండేసరల ఎన్నడన్న నడిచిన్రా మేడం? పనోళ్లు ఊళ్లకు పోయినంక మిషన్లు జరిపి ఆ షెడ్డుల మంచాలేసిన్రు. గిప్పుడది కరోనా వార్డు. మా అమ్మ గాడనే ఉన్నది."

మౌక్తిక గబగబా షెడ్యూల్ తెరిచింది.

"షెడ్యూల్‌కి తాళం వేశారు. నేనూ మార్చలేను. ఆ షెడ్డు జనరేటర్‌ను కూడా నిన్నే పాడుచేశారు. ఎందుకో ఇప్పుడర్థమైంది."

"టైమెంతున్నది?"

ఆమె కిటికీ వైపు చూసింది. ఎర్రటి సూర్యుడు మిల్లు చిమ్నీని ఆనుకుని ఉన్నాడు. "అది దిగేదాకా."

ఆమె సిమ్యులేషన్‌ను మళ్లీ నడిపింది. సరిగ్గా లైన్ నల్లబడే చోట ఆపి, ఆ సిగ్నల్ వచ్చే దారి వెతికింది. "నీలం వైరు. అది పీకేస్తే ఆజ్ఞ వచ్చినా స్విచ్‌కి అందదు, ఉన్నచోటే ఉంటుంది. కానీ పక్కనే అసలు కరెంటు. దాన్ని ఆపితే వార్డే ఆగిపోతుంది. గ్లౌజులున్నాయా?"

"బకెట్ తెచ్చిన. గ్లౌజులు తేలే."

తడి చేతులు చొక్కాకు తుడుచుకుని పెట్టె తెరిచాడు. చిమ్నీ వెనక వెలుగు ఆరింది. నీలం వైరు ఊడింది. షాక్‌కు దేవదాస్ ఎగిరి గోడకు కొట్టుకున్నాడు. సిగ్నల్ వెళ్లిందని తెర చెప్పింది. స్విచ్ కదల్లేదు. ఎదుటి షెడ్డులో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

పడుతూ లేస్తూ వార్డు కిటికీ దగ్గరికి చేరాడు. నర్సు ప్రమీల అతన్ని గుర్తుపట్టి తల దించుకుంది.

"అమ్మ పగటీలే పోయిందన్నా. నీకు చేస్తే ఫోన్ బంద్ వచ్చింది."

దేవదాస్ అడిగాడు, "ఏమన్న చెప్పిందా?"

"మా పోరడు కరెంటు పని చేస్తడు, జర పైలం అని చెప్పు, అన్నది."

ఆమె వెనక ఆక్సిజన్ యంత్రాలు బుసబుసమంటున్నాయి. ఎవరెవరి అమ్మలో ఊపిరి పీలుస్తున్నారు.

ఫోన్ తెరవగానే చీఫ్ గొంతు. "ముఠా రేవులో దొరికింది. మౌక్తిక తనే లొంగిపోయి వాళ్ల జాడ చెప్పింది. మన వైపు నష్టమేమైనా ఉందా?"

దేవదాస్ కాలిన వేళ్ల వంక చూసుకున్నాడు.

"అమ్మ మాట తప్పిన, సార్. కరెంటు ముట్టిన."