ముడి విప్పని కుండ

బెల్టు ఆగింది!

సెక్యూరిటీ స్కానర్ దగ్గర దుర్గాశ్రీ వేలు స్టాప్ బటన్ మీదే ఉంది. తియ్యదు.

రాజమండ్రి ఎయిర్‌పోర్ట్. సాయంత్రం ఫ్లైట్‌కి ఆఖరి పిలుపు.

స్కానర్‌లో ఓ కుండ... తెల్లగుడ్డ కట్టిన అస్థికల కుండ.

పాత మిషన్‌లో అయితే అదొక నల్లటి ముద్ద. ఇది త్రీడీ. బొమ్మను ఎటు కావాలంటే అటు తిప్పుతుంది. పొరపొరగా విడదీసి చూపిస్తుంది.

బూడిద... ఎముక ముక్కలు... వాటి మధ్య మొనదేలిన చిన్న లోహం.

బుల్లెట్!

"అవి మా అమ్మ అస్థికలండి," బెల్టు అవతల నుంచి విశ్వనాథ్. "గుండెపోటుతో పోయారు. కుండ విప్పకూడదండి."

పక్కనే అతని తండ్రి సూర్యప్రకాశం, రిటైర్డ్ మాస్టారు. తలెత్తడు.

"గోదారి ఇక్కడే ఉంది కదండీ. ఎక్కడికి తీసుకెళ్తున్నారు?" దుర్గాశ్రీ అడుగుతుంది.

"కాశీకి. నాన్నగారి పట్టుదల. ఫ్లైట్ వెళ్లిపోతుంది, పంపించెయ్యండి."

పంపిస్తే సాక్ష్యం గంగపాలే.

దుర్గాశ్రీ అలారం నొక్కుతుంది.

"కుండలో బుల్లెట్ ఉందండి."

విశ్వనాథ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. కుండ కోసం చెయ్యి చాపబోయి... అంతలోనే వదిలేసి పరుగు!

ట్రేలు ఎగిరిపడతాయి. ఎవరిదో పూతరేకుల పెట్టె కాళ్ల కింద నలుగుతుంది. గాజు తలుపు మూసుకుంది. ఇద్దరు జవాన్లు అతని మీద పడతారు.

"నాన్నా... నేను కాదని చెప్పండి నాన్నా!"

పెద్దాయన కుండ వైపే తిరిగి నిలబడతాడు.

దుర్గాశ్రీ ఆయన దగ్గరికి వస్తుంది. భార్యను బూడిదగా మోసుకొచ్చిన మనిషికి ఈ మాట తనే చెప్పాల్సి వచ్చింది.

"క్షమించండి మాస్టారూ. మీకు తెలియదనుకుంటాను..."

"తెలుసమ్మా."

ఆయన వేలు కుండను చూపిస్తుంది.

"నేను ఊరి నుంచి వచ్చేసరికే వీడు దహనం చేసేశాడు. అస్థికలు ఏరింది నేనే. బూడిదలో వేలికి తగిలింది. ఆవిడ పోయిన రోజు గోదారి మధ్య లంకలో మా తోటలో ఆవిడా, వీడూ తప్ప ఎవరూ లేరు. తోట అమ్మనందని... వీడే... పోలీస్ స్టేషన్ దాకా వెళ్లానమ్మా. గుమ్మం ఎక్కలేకపోయాను. ఒక్కగానొక్క కొడుకు."

"మరి ఈ కుండ..."

"మీ మిషన్ ముడి విప్పకుండానే లోపలిది చూస్తుందని పేపర్లో చదివాను. నా నోటితో చెప్పలేనిది అది చెబుతుందని, బుల్లెట్ మళ్లీ కుండలోనే వేసి, కాశీకి టికెట్లు తియ్యమన్నాను."

కుండ ఇక పోలీసులది. అయినా ఆయన రెండు చేతులూ చాపుతాడు.

"ఆవిడ అడిగింది గోదారేనమ్మా."