ఏడాది తర్వాత బుగ్గచుక్క

సత్యప్రసాద్ శవం మండపేట అవతల పంటకాలువలో, గుర్రపుడెక్క మధ్య తేలింది. యానాంలో చవగ్గా దొరుకుతుంది కదా అని పూటుగా తాగి, బండి మీద వస్తూ కాలువలో పడిపోయాడని పోలీసులు రాసుకున్నారు. వినడానికి బాగానే ఉంది. కాకపోతే ఆ మనిషి జన్మలో మందు వాసన చూసినవాడు కాదు. దగ్గుకి టానిక్ తాగమంటేనే చిన్నపిల్లాడిలా మొహం తిప్పుకునేవాడు. ఆ సంగతి ఏజెంట్ వీరవేణికి తెలుసు. ఏళ్ల తరబడి అతని పక్క సీట్లోనే పనిచేసింది మరి.

పోయే ముందు అతను ఆమెకి ఫోన్ చేసి ఒక్క మాటే అన్నాడు. "ఫొటోల్లో పోతోంది వేణీ."

అంతే. లైన్ కట్ అయిపోయింది.

శవం దొరికిన మర్నాడు కడియంలో బ్రీఫింగ్. పైకి మామిడి అంట్లు, గులాబీ మొక్కలు అమ్మే నర్సరీ. వెనక షెడ్డులో గూఢచార డిపార్ట్‌మెంట్ ఆఫీసు. చీఫ్ పల్లంరాజు గారు ఫైలు కూడా తెరవకుండా మొదలుపెట్టారు.

"కాకినాడ తీరానికి ఎదురుగా సముద్రం అడుగున మనవాళ్లు సెన్సార్లు దించారు. పరాయి సబ్‌మెరైన్ వస్తే చప్పుడు పట్టే యంత్రాలు. అవి ఎక్కడెక్కడున్నాయో చెప్పే మ్యాపు ముక్కలు ముక్కలుగా దేశం దాటిపోతోంది. ఈమెయిల్ లేదు, ఫోన్ లేదు. ఆఖరి ముక్క రేపు పోతుంది. అది కూడా పోతే మన సముద్రానికి చెవుడు వచ్చినట్టే."

"ఎక్కడ్నుంచండి?"

"రాజమండ్రి, మంగళ ఫొటో స్టూడియో. స్పౌజ్ వీసాలకి రిలేషన్‌షిప్ ఎవిడెన్స్ తయారుచేస్తారు. ప్యాకెట్లన్నీ విదేశంలో ఒకే లాయరు ఆఫీసుకి పోతాయి."

ఈ కాలం పెళ్లి అంటే తాళి కడితే అయిపోదు కదా. మొగుడో పెళ్లామో పరాయి దేశంలో ఉంటే, మాది నిజం పెళ్లేనని అక్కడి ఆఫీసరుకి చూపించుకోవాలి. నిశ్చితార్థం ఫొటో, పీటల మీద ఫొటో, అత్తగారి పక్కన నవ్వుతూ ఒకటి, నదిలో పడవ మీద ఒకటి, పుట్టినరోజు కేకు తినిపిస్తూ ఒకటి. ఒక్కో ఫొటో వెనకాల తేదీ, ఊరు, పక్కనున్నవాళ్ల పేర్లు రాయాలి. హడావిడిగా గుళ్లో దండలు మార్చుకుని ఊరుకున్నవాళ్లు ఇప్పుడు లబోదిబోమంటూ ఇలాంటి స్టూడియోల మెట్లెక్కుతున్నారు.

"నువ్వు విదేశంలో నర్సువి," అన్నారు పల్లంరాజు గారు. "మన టెక్నికల్ సెక్షన్ గణేష్‌బాబు నీ మొగుడు. లాక్‌డౌన్‌లో పెళ్లయింది, ఫొటోల్లేవు. లోపల సత్యప్రసాద్ కుదిర్చిన మన మనిషి ఒకరున్నారు. ఎవరో అతనికే తెలుసు. మడతకాజా దొరుకుతుందా అని అడుగు. గొట్టం కాజా అయితే ఉందండి అంటే మన మనిషే."

గణేష్‌బాబు వెండి మెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "బీకన్ ఉందండి లోపల. కాలివేలు నేలకేసి నొక్కితే చాలు, మన వ్యాను వచ్చేస్తుంది."

"భయంగా ఉందామ్మా?" అడిగారు చీఫ్.

"ఉందండి."

"మంచిది. సత్యప్రసాద్‌కి లేకపోయింది."

స్టూడియో ఒక పాత మేడ మీద ఉంది. మెట్ల దగ్గరే ఫోన్లు తీసేసుకున్నారు. ఒకరి ఫొటోలు ఒకరు తియ్యకూడదట, ప్రైవసీ అట. హాలు నిండా జంటలు, వాళ్ల తాలూకు పెద్దవాళ్లు. ఎవరి మొహంలోనూ నెత్తురుచుక్క లేదు. ఉప్పాడ వైపు నుంచి వచ్చిన నాగదుర్గ అనే అమ్మాయి కాయితం చూసి తేదీలు బట్టీపడుతోంది. పక్కన వాళ్లమ్మ జ్ఞానమ్మ, చేపల బజారులో అరిచి అరిచి రాటుదేలిన గొంతుతో వల్లె వేయిస్తోంది.

"మీ ఆయనకి ఇష్టమైన కూరేంటే?"

"రొయ్యల ఇగురు."

"ఆఫీసరడిగితే అలా నసుగుతావేంటి? గట్టిగా చెప్పు. వీసా రాకపోతే నీ కాపురం ఫోన్లోనే అయిపోద్ది."

అప్పుడొచ్చింది రమ్యశ్రీ. మనిషి కంటే ముందు సెంటు వచ్చింది. గంధం రంగు చీర, చేతుల్లేని జాకెట్టు, సినిమా పోస్టరులోంచి దిగివచ్చినట్టు నడక. స్టైలిస్టట. పనంతా ఆవిడ చేతి మీదే నడుస్తుందట.

"టిఫిన్ చేశారా అండి?" అంది.

వీరవేణి గొంతు తగ్గించింది. "లేదండి. ఇక్కడ మడతకాజా దొరుకుతుందా?"

రమ్యశ్రీ రెప్ప వెయ్యలేదు. "గొట్టం కాజా అయితే ఉందండి."

సత్యప్రసాద్ కుదిర్చిన మనిషి ఈవిడేనన్నమాట.

షూటింగ్ మొదలైంది. ఫొటోగ్రాఫర్ ఉదయ్‌కుమార్ తల వంచమంటే వంచింది, సిగ్గుపడమంటే పడింది. పీటల మీద కూర్చోబెట్టి నుదుట కళ్యాణం బొట్టు, ఎడమ బుగ్గన కాటుక చుక్క పెట్టారు. గణేష్‌బాబు దండ వేస్తుంటే చేతులు వణికాయి. "బాగా వచ్చిందండి, కొత్త పెళ్లికొడుకే," అన్నాడు ఉదయ్‌కుమార్. తర్వాత మొహాలు కడిగించి, చీర మార్పించి, పూలకుండీల పరదా ముందు నిలబెట్టారు. అది పెళ్లయిన ఏడాదికి కడియం వెళ్లినప్పటి ఫొటో అన్నమాట.

ఆఖర్న నిశ్చితార్థం సెట్టు వేశారు. రమ్యశ్రీ ఆమె పాదాల వంక చూసి నవ్వింది.

"మెట్టెలు తియ్యాలండి. పెళ్లి కాకుండానే మెట్టెలేంటని ఆఫీసరు పట్టుకుంటాడు."

కాదనడానికి ఏముంది? వీరవేణి తీసి ఇచ్చింది. రమ్యశ్రీ వాటిని చేతిసంచిలో వేసుకుని జిప్పు లాగింది. ఫొటో అయ్యాక అడిగితే, "ఇస్తానండి, కంగారేంటి," అంటూ లోపలికి వెళ్లిపోయింది. ఈలోగా మేకప్ తుడవాలని ఉదయ్‌కుమార్ గణేష్‌బాబుని పక్క గదిలోకి తీసుకెళ్లాడు. గడియ పడిన చప్పుడు వినిపించింది.

వీరవేణి ఒంటరైపోయింది. మెట్టెల కోసమే రమ్యశ్రీ గది తలుపు తోసింది.

బల్ల మీద ప్రింట్లు పరిచి ఉన్నాయి. రమ్యశ్రీ కళ్లకి భూతద్దం పెట్టుకుని, సన్నటి పట్టకారుతో ఆవగింజలో సగం ఉన్న నల్లటి చుక్కని వీరవేణి ఫొటోకి అంటిస్తోంది. పెళ్లి ఫొటోకి కాదు. పూలకుండీల ముందు తీసిన ఫొటోకి, ఎడమ బుగ్గ మీద.

మొహం కడుక్కున్న మనిషికి బుగ్గచుక్క ఎక్కడిది?

మైక్రోడాట్. కంటికి ఆనకుండా కుదించిన ఫిల్ము ముక్క, ఆ చుక్కంతలో పేజీల కొద్దీ మ్యాపు పడుతుంది. పెళ్లికూతురి బుగ్గన నల్లచుక్క ఉంటే లోకంలో ఎవరు అనుమానిస్తారు? ఈసారి ఇరికించాల్సింది ఎక్కువై, పెళ్లి ఫొటోలు చాలక, దొరికిన ప్రతి బుగ్గకీ అంటించేస్తున్నారు.

రమ్యశ్రీ తలెత్తింది. కోపం లేదు, కంగారు లేదు.

"చూసేశారా? సత్యప్రసాద్ గారు కూడా సరిగ్గా అక్కడే నిలబడి చూశారండి."

వీరవేణి తలుపు వైపు ఒక అడుగు వెనక్కి వేసింది.

"పాపం, నన్ను మీ మనిషే అనుకున్నారు. కాజా కబురు కూడా ఆయనే నేర్పారు." భూతద్దం తీసి, జడలోంచి పొడవాటి పిన్ను లాగింది రమ్యశ్రీ. దాని కొస తడిగా మెరిసింది. "కూర్చోండి. కొరియర్ వెళ్లిపోయాక మిమ్మల్నీ మీ ఆయన్నీ కారులో దింపిస్తాను. కాలువ గట్టు మీదుగా చల్లగా ఉంటుందండి."

ఆ ఫొటోని కవర్లో పెట్టి, అంటించి, కిటికీలోంచి కౌంటరు మీదకి తోసింది. అక్కడ కొరియర్ మనిషి ప్యాకెట్లన్నీ సంచిలో వేసుకుంటున్నాడు.

బీకన్ లేదు. ఫోన్ లేదు. గూఢచారులు, మ్యాపులు అని అరిస్తే హాల్లో వాళ్లు పిచ్చిదనుకుంటారు. వీరవేణికి భయం వేసింది. ఆ భయంలోనే ఒకటి తట్టింది. హాల్లో ఉన్నవాళ్లందరికీ కూడా భయమే. వాళ్ల భయం వేరు, అంతే.

బల్లని రమ్యశ్రీ మీదకి తోసేసి బయటికి పరిగెత్తింది. జిప్పు లాగబోతున్న సంచిలో చెయ్యి పెట్టి తన ప్యాకెట్ లాగి, హాలు మధ్యలో చించింది.

"చూడండమ్మా, పెళ్లయిన ఏడాదికి తీసిన ఫొటోలో బుగ్గచుక్క పెట్టారు. ఇది ఆఫీసరు చూస్తే దొంగ పెళ్లంటాడు. మా ఆయన వీసా పోయినట్టే."

హాల్లో తలలన్నీ ఆ ఫొటో వైపు తిరిగాయి.

"మాది కూడా ఇటు తీయండి బాబూ," అంది జ్ఞానమ్మ.

కొరియర్ మనిషి చేతిలో సంచి నిలవలేదు. తలా ఒక ప్యాకెట్ చించారు. నాగదుర్గ పడవ ఫొటోలో బుగ్గచుక్క. ఇంకెవరిదో కేకు ఫొటోలో బుగ్గచుక్క. ఇంకో ఫొటోలో పెళ్లికొడుకు లుంగీతో కాఫీ తాగుతున్నాడు, అతనికీ బుగ్గచుక్క.

"కాఫీ తాగేవాడికి దిష్టేంటండీ?" అన్నారెవరో.

జ్ఞానమ్మ వేలు తడిచేసుకుని ఒకటి గీకింది. చుక్క ఊడి గోరుకి అంటుకుంది.

"తుడిచెయ్యకండి పిన్నిగారూ, అలాగే ఉంచండి," వీరవేణి ఆమె చెయ్యి పట్టేసుకుంది.

రమ్యశ్రీ చిరునవ్వుతోనే మెట్ల వైపు నడిచింది. పిన్ను చీర మడతలో దాచింది. కానీ జ్ఞానమ్మ అప్పటికే మెట్ల మొదట్లో రెండు గోడలూ ఆనుకునేలా చతికిలబడింది.

"ఎక్కడికండీ మేడంగారూ? మా అమ్మాయి కాపురం సంగతి తేల్చి వెళ్లండి."

వెనకాల మిగతావాళ్లు చుట్టుముట్టారు. అంతమంది మధ్య పిన్ను ఎవరికని గుచ్చుతుంది? గొడవ విని ఉదయ్‌కుమార్ గడియ తీసి తొంగిచూశాడు. అతన్ని తోసుకుని, సగం మొహానికి పౌడరుతో గణేష్‌బాబు కౌంటరు మీద పడి, మెట్ల దగ్గర తీసేసుకున్న ఫోన్లలోంచి తనది అందుకున్నాడు. పల్లంరాజు గారి వ్యాను వచ్చేదాకా జ్ఞానమ్మ లేవలేదు. వచ్చాక కూడా, ఫొటోలు మళ్లీ తీయించి పంపిస్తామని చీఫ్ చేత అనిపించుకునే లేచింది.

చుక్కలన్నీ చిన్న గాజుసీసాలో చేరాయి. చేతులకి సంకెళ్లతో వెళ్తూ రమ్యశ్రీ వీరవేణి వంక చూసింది. వీరవేణి చూపు తిప్పుకోలేదు కానీ, వ్యాను మలుపు తిరిగాక మెట్ల మీద కూలబడి సత్యప్రసాద్ కోసం ఏడ్చింది.

గణేష్‌బాబు తన ఫొటోల కట్ట పట్టుకుని చీఫ్ దగ్గరికి వచ్చాడు. "సార్, ఇవి కాల్చేద్దామండి."

"ఎవిడెన్స్ కాలుస్తారటయ్యా? కోర్టులో పెట్టాలి. పేపర్లో కూడా వస్తాయి."

గణేష్‌బాబు కట్టని వెనక్కి దాచుకున్నాడు. "గదిలో గడియ వేసినప్పుడు కూడా ఇంత భయపడలేదండి. పొద్దున్నే మా ఇంటికి పేపరు వస్తుంది. ఇవి ఉత్తుత్తివంటే ఏ దేశం ఆఫీసరైనా నమ్ముతాడేమో గానీ, మా ఆవిడ వరహాలక్ష్మి నమ్మదండి."